పూసిన నోరు, తోడికోడలి పాట

“నోట్లో ఉన్నది ఉమ్మేసి మాట్లాడక్కా.”

“నువ్వు నా పాట మింగినావు. ముందు దాన్ని ఉమ్మెయ్యి.”

నా తోడికోడలికీ నాకూ మధ్య ఆఖరున నడిచిన మాటలు ఈ రెండే. మొదటిది ఆమెది, రెండోది నాది. పోయిన ఏడు మా ఆయన మొదటి జ్ఞాపకార్థ కూడికనాడు, ప్రార్థన అయిపోయి జనమంతా మా వాకిట్లో విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు జరిగింది. ఆమె చేతిలో చారు బకెట్టు ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. నా మరిదిని పిలుచుకుని, అన్నం కూడా తినకుండా గిద్దలూరు బస్సెక్కింది. ఆనాటి నుంచి మా మధ్య మాట లేదు, ఫోను లేదు.

ఎల్లుండి రెండో ఏటి కూడిక. ఆమె వస్తుంది. మా ఆయనకు ఇష్టమైన పాటను ఎల్లుండి ఎవరు ఎత్తుకోవాలి, నేనా, ఆమెనా? నా గొడవంతా ఇదే. నా ఎడమ బుగ్గ లోపల పెసరగింజంత పుండు ఒకటి ఉంది. అది ఎల్లుండికి మానుతుందో లేదో దానికే తెలియాలి.

ఇదంతా రాస్తున్నది ఆ తోడికోడలి కూతురే. నాకు సంతకం ఒక్కటే వచ్చు. మార్కాపురంలో పలకల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఎక్కడెక్కడి పిల్లలో రాసుకునే పలకలు తుడిచి పెట్టెలకెత్తిన చేతులివి. వీటికి మాత్రం అక్షరం అంటలేదు. ఈ పిల్ల గిద్దలూరులో రక్తపరీక్షలు చేసే చోట పని చేస్తుంది. “పెద్దమ్మా, నీ మాదిరి నోరు పూసేటోళ్లు మా కాడికి శానామంది వస్తారు. నీకేం జరిగిందో చెప్పు, నేను రాస్తా. చదివినోళ్లకు పనికొస్తాది” అంది. వాళ్లమ్మ గురించి కూడా నేను చెప్పింది చెప్పినట్టే రాయాలని ముందే మాట తీసుకున్నాను. ఇప్పుడు కలం ఆపి నా మొహం చూస్తున్నది. రాయమ్మా, ఆపకు.

మా పుట్టిల్లు పుల్లలచెరువు దాటాక అడవి వైపు ఉన్న పల్లె. బోరు నీళ్లు తాగి పెరిగాం. ఆ నీళ్లకు నా పళ్లు చిన్నప్పుడే పచ్చబడి మచ్చలు తేలాయి. అంచులు పెళుసు. గట్టి వేరుశనగ గింజ కొరికినా చిన్న ముక్క ఊడేది. నా తోడికోడలిది గిద్దలూరు పక్క ఊరు. మంచినీళ్ల ఊరు. పెళ్లయి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు మా అత్త ఏదో అడిగితే ఆమె నవ్వింది. అన్నీ వరసగా, తెల్లగా, కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి ఆ పళ్లు. మా అత్త నా వైపు తిరిగి, “చూసినావా, నోరంటే అట్ల ఉండాల” అంది. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఆమె ముందు పళ్లు కనపడేలా నేను నవ్వింది లేదు.

ఇద్దరం ఒకే షెడ్డులో పనికి చేరాం. ఎదురెదురుగా కూర్చుని పలకకు చెక్క చట్టం బిగించేవాళ్లం, తడిగుడ్డతో తుడిచేవాళ్లం, అట్టపెట్టెలకు ఎత్తేవాళ్లం. తడిసిన పలక వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎండిన నేల మీద తొలి చినుకులు పడినట్టుంటుంది. ఆ వాసనకే నోట్లో నీళ్లూరేవి. బలపాలు కూడా మా షెడ్డులోనే డబ్బాలకెత్తేవాళ్లు. విరిగిన ముక్కలు ఒక మూల కుప్పగా ఉండేవి. ఆడవాళ్లలో సగంమంది కొంగుముడి విప్పితే ఆ ముక్కలే. ఎవరూ ఎవరినీ తప్పు పట్టేది లేదు. బలపం చలువ అనేవాళ్లు. నోరు పూసిందంటే కూరలో కారం తగ్గించు, బుగ్గన ఒక బలపం ముక్క పెట్టుకో. పలకల షెడ్డులో మా వైద్యం అది. నేను దాన్ని మందనే నమ్మాను. ముప్పై ఏళ్లు నమ్మాను.

ఒక ఏడు ఇద్దరమూ కడుపుతో ఉన్నాం. పోటీపడి తిన్నాం.

“నల్లదా, తెల్లదా అక్కా నీకు?” అనేది.

“తెల్లది ఉప్పగా ఉంటాది. నల్లదే బాగుంటాది.”

“అయితే నా తెల్ల ముక్కలు నాకిచ్చెయ్. నా బిడ్డ తెల్లగా పుట్టాల.”

ఇట్లా నవ్వుకున్నాం. ఆమెకు ఈ పిల్ల పుట్టింది. నాది ఐదో నెలలో పోయింది. మళ్లీ నిలవలేదు. ఒకే కుప్పలో ముక్కలు ఏరుకున్నాం, ఒకే గిన్నెలో అన్నం తిన్నాం. ఆమెకు బిడ్డ దక్కింది, నాకు నోటిపూత దక్కింది. బిడ్డ పుట్టాక ఆమె బలపం మానేసింది. నేను మానలేదు. నాకు మానడానికి ఏ కారణమూ పుట్టలేదు.

నోరు పూయడమంటే తెలియనివాళ్లకు చెబుతాను. మొదట ఒకచోట చురచురమంటుంది. మర్నాటికి మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా లేస్తుంది. నాలుక ఎటు తిప్పినా అక్కడికే పోతుంది. చింతపండు తగిలితే ప్రాణం లేచిపోతుంది. పది రోజులకు మానుతుంది. మానిందని సంబరపడేలోపు ఇంకోచోట లేస్తుంది. నా బతుకులో మంచి నోటితో తిన్న పండగలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉప్పునీళ్లు పుక్కిలించాను. తేనె పూశాను. పటిక పెట్టి చూశాను. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. వేడి చేసింది అన్నవాళ్లు కొందరు. మా అత్త మాత్రం, “ఊరికే ఒకరి మీద ఏడ్చే నోరు పూయక ఏమయితాది” అనేది. ఎవరి మీద ఏడుస్తున్నానో ఆమెకు తెలుసు.

నాకు ఉన్నది ఒకటే ఒకటి, పాట. నా గొంతు బొంగురు. చిన్నప్పుడు గొర్రెల వెంట అరిచి అరిచి అట్లయిందని మా నాయన చెప్పేవాడు. అయినా మా మందిరంలో పాట ఎత్తుకోవాలంటే నేనే. నేను ఎత్తుకుంటే వెనక వరసలో కునికేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. మా ఆయనకు ఒక పాట మీద ప్రాణం. ఆయన కూడా పలకలు కోసే పనే చేసేవాడు. ఇంట్లో నేను అది పాడుతుంటే ఏదో ఒక పలక చేతిలోకి తీసుకుని అంచు మీద గోటితో తాళం వేసేవాడు. రెండో చరణంలో ఒకచోట నేను గొంతు కిందికి దించి మళ్లీ లేపుతాను. అది నాకెవరూ నేర్పలేదు. అక్కడికి రాగానే ఆయన గోరు ఆగేది. అది దాటాక మళ్లీ మొదలయ్యేది.

ఒక ఆదివారం మందిరం నుంచి నడిచి వస్తున్నాం. ముందు మరిదీ తోడికోడలూ, వెనక మేమిద్దరం. మా ఆయన నవ్వుతాలకు అన్నాడు: “పాట నీదే బాగుంటాది. గొంతు మాత్రం నా మరదలిది అరువు తెచ్చుకుంటే ఇంకా బాగుంటాది.”

నవ్వుతాలకే అన్నాడు. అది నాకూ తెలుసు. అయినా ఇంటికి వచ్చేదాకా నా బుగ్గ లోపలి కండను పళ్ల మధ్య పట్టుకుని నడిచాను. ఇంటికి వచ్చి ఉమ్మితే నెత్తురు. మూడో రోజుకు అక్కడే పూసింది. ఆ రోజు నుంచి ఆమె పాడుతుంటే నా పళ్లు వాటంతట అవే బుగ్గను పట్టుకునేవి. ఆమెది కల్మషం లేని గొంతు, బిందెలోకి నీళ్లు దిగినట్టు. వింటున్నకొద్దీ కొరుక్కునేదాన్ని. నోరు పూస్తే నేను పాడలేను. నేను పాడకపోతే ఆమె పాడుతుంది. ఆమె పాడితే నేను మళ్లీ కొరుక్కుంటాను. ఇట్లా ఎన్నేళ్లు గడిచాయో. ఇంతకుముందు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. రాస్తున్నావా?

తర్వాత మరిదికి గిద్దలూరు స్టేషను దగ్గర గోడౌనులో పని దొరికింది. వాళ్లు అక్కడికి మారారు. పోయిందిలే అనుకున్నాను. అక్కడి మందిరంలో కూడా ఆమే పాట ఎత్తుకుంటున్నదని మా ఆయనే ఫోనులో విని చెప్పాడు. సంతోషంగా చెప్పాడు.

ఆయన దగ్గుతో పోయాడు. ఆయన ఉన్నప్పుడు ఆదివారం వస్తే ఇంట్లో కూర వాసన ఉండేది. ఆయన కోసమైనా వండేదాన్ని. పోయాక ఒక్కదాని కోసం పొయ్యి ఎందుకు వెలిగించాలనిపించేది. అన్నం, మజ్జిగ. తినగానే ఒక గ్లాసు టీ. నిద్ర పట్టేది కాదు. బలపం ఎక్కువైంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు. నోట్లో ఒకేసారి నాలుగైదు పుండ్లు ఉండేవి. అట్లాంటి నోటితో ఏడాది కూడిక వచ్చింది.

పాస్టరు అయ్యగారు, “అమ్మా, ఆయన పాట మీరే ఎత్తుకోవాల” అన్నాడు. లేచాను. పొద్దున్నుంచి మంట తగ్గాలని బుగ్గన బలపం ముక్క పెట్టుకునే ఉన్నాను. పల్లవిలో మొదటి మాట వచ్చింది. రెండో మాటకు నాలుక కింది పుండు విరిగిన పంటి అంచుకు గీసుకుంది. కళ్ల నిండా నీళ్లు. ఆగిపోయాను. అందరూ దుఃఖమనుకున్నారు. దుఃఖం కాదు, పుండు. మొగుడి పాట పాడుతూ పుండు కోసం ఏడ్చిన దాన్ని నేను.

అప్పుడు వెనక నుంచి పాట లేచింది. నేను ఎక్కడ ఆపానో సరిగ్గా ఆ మాట దగ్గరే ఆమె అందుకుంది. రెండో చరణంలో నా చోటుకు వచ్చింది. అక్కడ గొంతు కిందికి దించి మళ్లీ లేపింది, అచ్చం నా మాదిరే. నేను గోడ మీద ఉన్న ఆయన పటం వైపు చూశాను. ఆయన గోరు ఆగింది ఆమె కోసమనిపించింది నాకు.

భోజనాల దగ్గర మా వీధి ముసలామె ఒకతి, “ఏం పాడింది తల్లీ, పోయినోడు లేచి వచ్చి కూర్చోవాల” అంది. నా పక్కనే కూర్చుని అంది. అంతలో తోడికోడలు చారు బకెట్టుతో వచ్చి, “కొంచెం పోయనా అక్కా, చల్లగానే ఉంది” అంది. వద్దు అనబోయాను. నోరు తెరిస్తే బుగ్గనున్న బలపం ముక్క ఆమెకు కనపడింది. ఉమ్మేయమన్న మాట గట్టిగా ఏమీ అనలేదు. కానీ పక్కనున్న నలుగురికీ వినపడింది. ఆపై ఏం జరిగిందో మొదటే చెప్పాను.

ఆమె వెళ్లిపోయాక నాకు నిమ్మళంగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. ఏడు నెలలు గడిచాక నాలుక పక్కన లేచిన పుండు ఒకటి పది రోజులకు మానలేదు, ఇరవై రోజులైనా మానలేదు. ఎవరితో చెప్పుకోవాలి? ఈ పిల్ల తనంతట తానే వచ్చింది. వాళ్లమ్మ పంపిందా అని అడిగాను. కాదంది. నేను అన్నంలో నీళ్లు పోసుకుని నమలకుండా మింగడం చూసింది. మర్నాడే ఆటో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసింది. కనురెప్పలు కిందికి లాగి చూసింది.

“ఏం తింటావమ్మా?”

“అన్నం.”

“అన్నంలోకి?”

“మజ్జిగ.”

“ఆకుకూర, గుడ్డు, మాంసం?”

“పళ్లెం ముందర ఒక్కదాన్నే గదమ్మా.”

“అన్నం కాక వేరేమన్నా తినే అలవాటుందా? మట్టి, సున్నం, పచ్చి బియ్యం?”

“ఏం లేదు” అన్నాను.

ఈ పిల్ల పక్కనుంచి, “బలపం తింటాది మేడం. కొంగుముడిలో ఇప్పుడు గూడ ఉంది” అంది.

“మీ అమ్మ నోరే వచ్చిందే నీకు!” అన్నాను అక్కడే. డాక్టరమ్మ నవ్వింది. ఈ చుట్టుపక్కల ఆడవాళ్లు సగంమంది లేదనే చెబుతారట, కొంగు మాత్రం విప్పరట.

రక్తం తీసి చూశారు. రక్తం బాగా తక్కువ. బి-పన్నెండు అని ఒకటుంటుందట, అది కూడా తక్కువ. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. రక్తంలో ఇనుము తక్కువైనవాళ్లకు మట్టి మీదికో బలపం మీదికో మనసు పోతుందట. అవి తింటే అన్నంలో ఉన్న కాస్త సత్తువ కూడా ఒంటికి పట్టదు. తినగానే టీ తాగినా అంతే. సత్తువ పట్టకపోతే నోరు పూస్తుంది. నోరు పూస్తే చలువని నేను మళ్లీ బలపమే పెట్టుకుంటాను. “నువ్వు మందనుకుని రోగాన్నే బుగ్గన పెట్టుకున్నావమ్మా” అంది. ఎవరిని తిట్టాలి? షెడ్డునా, బలపాన్నా, నన్నా?

“వేడి కాదా అమ్మా మరి?”

“వేడి కాదు. మీ అమ్మకు నోరు పూసేదా?”

ఆలోచిస్తే గుర్తొచ్చింది. మా అమ్మ కూడా పూసిన నోటితోనే బతికింది. కొంత అట్లా తల్లుల నుంచి కూడా వస్తుందట. కొంత నిద్ర లేక, దిగులుతో వస్తుందట. నురగ ఎక్కువ వచ్చే పేస్టు కొందరికి పడదట. ఇన్ని ఉన్నాయి. అందరికీ అన్నీ ఉండవట, కొందరికి ఏ కారణమూ దొరకదట. నాకేమో దొరకనిది లేదు. మూడు వారాలు దాటినా మానని పుండును మాత్రం ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదని కోప్పడింది. నా నాలుక పక్కన ఉన్నది విరిగిన పన్ను కోసిన పుండేనని పళ్ల డాక్టరు చూసి చెప్పాడు. ఆ అంచు అరగదీశాడు. రెండు వారాలకు మానింది. అన్నాళ్లూ చెడ్డజబ్బేమోనని వణికాను.

డాక్టరమ్మ ఇంకోటి కూడా అడిగింది. “బుగ్గ లోపల ఇక్కడ పళ్ల గుర్తులున్నాయి. కొరుక్కుంటావా? ఎప్పుడు కొరుక్కుంటావు?”

“తెలియదమ్మా, నిద్దర్లోనేమో” అన్నాను. ఈ పిల్ల ముందు వాళ్లమ్మ పేరు ఎట్లా చెప్పాలి?

మాత్రలు వేసుకున్నాను. సూదులు వేయించుకున్నాను. ఆదివారం మళ్లీ కూర వండుతున్నాను, కార్జం తెచ్చుకుంటున్నాను. తిన్న వెంటనే టీ తాగడం లేదు. మూడో నెలకు చూసుకుంటే నోట్లో ఒక్క పుండు లేదు. అద్దం ముందు నోరు తెరిచి, నాలుక ఇటు తిప్పి అటు తిప్పి, చిన్నపిల్లలా చూసుకున్నాను. ఇంట్లో ఒక్కదాన్నే పాట మొత్తం పాడాను. పలక మీద గోరు లేదు కానీ పాట ఉంది.

అట్లా ఉండగా మొన్న ఆదివారం పాస్టరు అయ్యగారు, “మీ తోడికోడలు గారు వస్తున్నారంట గదమ్మా. పోయినసారి మాదిరి ఆమె చేత పాడించుకుందాం. మీకెందుకు శ్రమ” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. సరేనన్నాను. మందిరం మెట్లు దిగేసరికి నోట్లో ఉప్పగా తగిలింది. ఎడమ బుగ్గ. ఇప్పుడున్న పెసరగింజ అదే. దీనికి మాత్ర లేదు. డాక్టరమ్మకు చెప్పని కారణం ఇదొక్కటే, కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. ఆమె పళ్లు చూసి, ఆమె గొంతు చూసి, ఆమె బిడ్డను చూసి, మొగుడు పక్కనుంటే ఆమె వండుకునే కూర చూసి నా నోరు నేనే నమిలాను.

ఇంతవరకు చెప్పాక ఈ పిల్ల కలం కింద పెట్టింది.

“పెద్దమ్మా, ఒగ మాట చెప్తా, కొట్టొద్దు. మా అమ్మ ఇంట్ల అంట్లు తోముతా ఆ పాట పాడుతాది. గొంతు బొంగురు చేసుకోని పాడుతాది. నీ మాదిరి రావాలని. రాకపోతే గిన్నె విసిరేస్తాది.”

“అబద్ధం.”

“నా మీద ఒట్టు. ‘అక్క గొంతులో ఉండే జీర నాకు రాదే’ అని మా నాయనతో అంటాది. పోయినసారి నువ్వు ఆగిపోతే అందరూ నిన్నే చూస్తాండ్రని అందుకున్నాదంట. లేకుంటే ఆడ ఎత్తుకుండేదాన్నే గాదు అనింది.”

ఈ మాట వింటే మనసు కరగాలి కదా. నాకేమో ఇంకా మండింది. బిందెలో నీళ్లలాంటి గొంతు పెట్టుకుని నా బొంగురు మీద కూడా కన్నేసిందా? తనది తనకు చాలలేదా? ఆ మాటే అంటే ఈ పిల్ల పడీపడీ నవ్వింది. దాని నవ్వు వాళ్లమ్మదే, అవే తెల్లటి పళ్లు. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే పుండు సాగి మండింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయాను.

సరే, రాసుకో. ఎల్లుండి పాట నేనే ఎత్తుకుంటాను. పుండు ఉన్నా సరే, లేకపోయినా సరే. నోరు అడ్డం తిరిగితే, తిరిగినప్పుడే, ఆమె అందుకోవచ్చు. నేను వెనక్కి తిరిగి చూస్తాను, అదే గుర్తు. ఆ రెండో చరణంలో నా చోటు మాత్రం నాకే వదలాలి. వదిలితే భోజనాల దగ్గర చారు ఆమె చేతే పోయించుకుంటాను. ఈ మాట ఫోనులో చెప్పడం నాకు చేతకాదు. ఈ కాగితమే పట్టుకుపోయి చూపించు.

ఇదిగో, కొంగుముడిలో ఉన్న ఈ ముక్క కూడా నువ్వే తీసుకో. నాలుగు నెలలైంది తినక. వాసన చూసుకోవడానికి ఉంచుకున్నాను, అంతే. నమ్మకపోతే చూడు, అంచు తడి లేదు.

ఇప్పుడు చదువు, నేను వింటాను. కింద నుంచి కాదు, మొట్టమొదటి నుంచి. ఆమె నన్నన్నది, నేను ఆమెనన్నది రెండూ చదువు. నాది మెత్తగా చేసి చదివితే ఒప్పుకోను.